మూసిన గది గాలి

కంచరపాలెంలోని ఆ ఇంటి ముందుగదిలో నలుగురు పడుకుంటున్నారని అడగక్కర్లేకుండానే తెలుస్తోంది. చుట్టిన పరుపులు గోడకి ఆనించి ఉన్నాయి. వాటిమీద పిల్లల బడిసంచులు, ఇస్త్రీ కావలసిన బట్టలు. లోపలి గది తలుపు చుట్టూ మాత్రం వెడల్పాటి టేపు అంటించి, దానిమీద సీలెంటు పూసి ఉంది.

నూకరత్నం చెప్పులు బయట విడిచి, భుజాన ఉన్న సంచిలోంచి స్మోక్ పెన్ తీసింది. పెన్నంటే పెద్ద యంత్రమేమీ కాదు. చేతిలో ఇమిడే పిడి, దాని కొసన చుట్టంత వత్తి. అంటిస్తే మంట రాదు, దారంలాంటి తెల్లటి పొగ లేస్తుంది. గాలి కదలని చోట ఆ దారం నిటారుగా నిలబడుతుంది. ఎక్కడైనా వెంట్రుకంత సందు ఉంటే చాలు, అటు వంగుతుంది.

"ఫ్యాను ఆపండి. కాసేపు ఎవరూ నడవకండి," అంది.

ఇంటాయన సింహాద్రి మాస్టారు రిటైరై చాలా కాలమైంది. ఆయన ఫ్యాను ఆపి, ఊపిరి తీస్తే ఏమవుతుందోనన్నట్టు గోడకి అతుక్కుని నిలబడ్డారు. ఆ గదిలో ఆయన భార్య పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ చివరి మాటలు ఆ గోడలమీద ఉన్నాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే కొడుకూ కోడలూ మనవలూ ముందుగదిలో నేలమీద పడుకుంటున్నారు.

రత్నం తలుపు గడప దగ్గర మొదలుపెట్టింది. పొగ నిలబడింది. చట్రం పొడుగునా, స్విచ్‌బోర్డు చుట్టూ నిలబడింది. కుర్చీ ఎక్కి, ఏసీ గొట్టం గోడలోకి వెళ్ళే చోట పెన్ను పట్టుకుంది. దారం ఒకసారి వణికి, పక్కకి వాలి, సన్నగా సాగి గోడలోకి వెళ్ళిపోయింది.

"ఏంటమ్మా అది?"

"గాలి పోతోందండి."

"ఇప్పుడిప్పుడే పోతోందేమో?"

రత్నం వేలితో గొట్టం చుట్టూ తడిమి చూపించింది. సందు పొడుగునా నల్లటి దుమ్ము చార గట్టిపడి ఉంది. "పాతదండి. మొదట్నించీ పోతున్నట్టుంది. మీ గదిని వినాల్సిన గదుల వరసలోంచి తీసేయాలి."

మాస్టారు ఏడవలేదు, అరవలేదు. "కాఫీ తాగి వెళ్ళమ్మా," అన్నారు. కాఫీ తెచ్చిన కోడలు, మామగారు పెరట్లోకి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"అయితే ఇంక తలుపు తీసేయొచ్చాండి?"

"తీసేయొచ్చు."

ఆ అమ్మాయి ముఖంలో కనిపించిన తేలిక చూసి రత్నానికి కోపం రావాలి, లేదా జాలి కలగాలి. ఏదీ కలగలేదు. కాఫీలో పంచదార ఎక్కువైందని మాత్రం అనిపించింది.

ఆమెకి అలా ఉండడం ఎనిమిది నెలలుగా అలవాటైంది.

అంతకు ముందు రత్నం పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేది. మాత్రలు చేసే గదుల్లో గాలి ఎటు పోతోందో, బయటి దుమ్ము లోపలికి ఎక్కడ వస్తోందో స్మోక్ పెన్‌తో చూడడం ఆమె ఉద్యోగం. డాక్టర్ కస్తూరి అక్కడికి దుమ్ము మీద పరిశోధనకని వచ్చింది. మూతపడిన ఒక పాత గది గోడమీద ఊదారంగు దీపం తిప్పి, కంటికి కనపడని పొరలు కొలుస్తుంటే, ఆ పొరల్లో ఒక వరస కనిపించింది. ఆ వరసని కంప్యూటరు చేత చప్పుడుగా మార్పిస్తే, "ఒరే, ఈ మిషను మళ్ళీ వేడెక్కిపోతంది" అని ఎవరిదో గొంతు వినిపించింది. ఆ గది తాళం వేసి అప్పటికి రెండేళ్ళు.

మనిషి మాట్లాడినప్పుడు నోటివెంట సన్నటి తుంపర వస్తుంది. గాలి కదలకపోతే అది పలికిన వరసలోనే గోడమీద పొరలుగా పేరుకుంటుంది. కస్తూరి దానికి ఊపిరి అచ్చు అని పేరు పెట్టింది. పై పొర కొత్తది, అడుగు పొర పాతది. దీపం ఒక్కో పొరనీ చదువుతూ కాల్చేస్తూ లోపలికి వెళ్తుంది, కాబట్టి ఒక గదిని ఒక్కసారే వినగలం. గాలి ఆడిందా, అచ్చు చెరిగిపోతుంది.

ఆ సంగతి బయటికి పొక్కాక, ఊళ్ళో మనిషి పోయిన ప్రతి ఇంట్లోనూ గది తలుపులకి టేపులు పడ్డాయి. కస్తూరికి ఉన్న దీపం ఒక్కటే. వినాలనేవాళ్ళ వరస పెరిగిపోయింది. ఏ గది గాలి చొరకుండా గట్టిగా ఉందో, ఏది కారుతోందో చూసి చెప్పడానికి ఆవిడ రత్నాన్ని తన దగ్గరికి పిలిపించుకుంది.

అప్పటికే రత్నం ఇంట్లోనూ ఒక గది మూసి ఉంది.

ఆమె భర్త జోగినాయుడు హార్బరులో క్రేను నడిపేవాడు. చనిపోయిన రోజు పొద్దున్నే, రాత్రి డ్యూటీ దిగి వచ్చి, చద్దన్నం తిని, పడుకున్నాడు. అత్త పైడితల్లమ్మ ఇంట్లోనే ఉంది. "బోజనానికి లేపుదారని ఎల్లీసరికి ఐపోనాడు," అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ అదే మాట చెప్పింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. కబురు వచ్చేసరికి రత్నం ఫ్యాక్టరీలో, తలనుంచి కాలిదాకా తెల్లటి ముసుగు బట్టల్లో ఉంది. ఆమె రోజూ విప్పే వరసలోనే ముందు చేతి తొడుగులు, తర్వాత తలముసుగు, తర్వాత కాళ్ళ తొడుగులు విప్పింది. ఒక్కోటీ ఎక్కడ వేయాలో అక్కడే వేసింది. ఆనక ఆలోచిస్తే, తను ఆ బట్టలు విప్పిందే గాని అందులోంచి బయటికి రాలేదేమో అనిపించేది.

దహనం అయి వచ్చిన సాయంత్రమే ఆమె గది మూసింది. కిటికీలకి, తలుపుకి టేపు అంటించి, సీలెంటు పూసింది. వంటింటికీ ఆ గదికీ మధ్య గోడలో ఇన్వర్టరు వైరు కోసం భర్త ఎప్పుడో తొలిచిన కన్నం ఉంటే, దాన్ని పుట్టీతో పూడ్చింది.

"ఎందుకే ఇదంతా?" అంది పైడితల్లమ్మ.

"ఆయన మాట ఉంటుందత్తా లోపల. ఒంటరిగా ఉన్నాడు కదా. ఏమన్నాడో వినొచ్చు."

పైడితల్లమ్మ ఆ తలుపు వైపు చాలాసేపు చూసింది. వద్దనలేదు, సరే అనీ అనలేదు. అప్పట్నించి ఆ విషయం ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. ఆవిడ వండేది, రత్నం తినేది. తినకపోతే గిన్నె తీసి కడిగేసేది. ముందుగదిలో చెరో చాపమీద పడుకునేవారు.

వాళ్ళ గది వంతు దగ్గరికి వచ్చింది. "మీ ఇల్లు మీరే చూసుకోండి రత్నం, మీకంటే బాగా ఎవరు చూస్తారు?" అంది కస్తూరి. పైడితల్లమ్మ రైతుబజారుకి వెళ్ళిన పూట రత్నం ఫ్యాన్లు ఆపి, సొంత ఇంట్లో పెన్ను అంటించింది.

తలుపు గట్టిగా ఉంది. కిటికీలు గట్టిగా ఉన్నాయి. వంటింట్లోకి వచ్చి, పప్పుల డబ్బాలు పక్కకి జరిపి, అరమర వెనక పెన్ను పెట్టింది. పొగ వంగింది. వంగడం కాదు, ఎవరో అవతలినుంచి పీల్చుకుంటున్నట్టు మొత్తం కన్నంలోకి దూరిపోయింది.

ఆమె టార్చిలైటు వేసి చూసింది. తను పెట్టిన పుట్టీ లేదు. కన్నం అంచులు శుభ్రంగా తుడిచినట్టున్నాయి. చుట్టూ గోడకి గీతలు, చెంచా మొనతో గోకిన గీతలు. కన్నం సరిగ్గా పైడితల్లమ్మ ముఖం ఎత్తున ఉంది.

రత్నం పెన్ను ఆర్పి, డబ్బాలు మళ్ళీ యథాప్రకారం సర్దింది. అత్త వచ్చి కూరల సంచి దింపింది.

"బెండకాయలు ముదురుగున్నాయి. వంకాయలట్టుకొచ్చాను. తింటావా?"

"తింటాను."

అంతే మాట్లాడుకున్నారు.

మర్నాడు కస్తూరి గదిలో రత్నం నిలబడే చెప్పింది. "మా గది కారుతోంది మేడం. వంటింట్లోంచి గాలి లోపలికి వెళ్తోంది. పైన ఫ్యాను వైరు వేసిన గొట్టం గుండా బయటికి పోతున్నట్టుంది. వరసలోంచి తీసేయండి."

కస్తూరి కళ్ళజోడు తీసింది. "ఎన్నాళ్ళనించి?"

"గీతలు చూస్తే, చాలా నెలలనించి."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"మాస్టారి గది తీసేశాను కదండి."

కస్తూరి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. తర్వాత, "కారిన గదిని నేనింతవరకు ఒక్కటీ చదవలేదు," అంది. "ఏం మిగులుతుందో తెలీదు. తెలిస్తే, మనం తీసేసిన వాళ్ళలో కొందరినైనా మళ్ళీ పిలవొచ్చేమో. మీరు ఒప్పుకుంటే మీ గది చదువుతాను. ఆశ పెట్టుకోవద్దు."

"పెట్టుకోలేదండి," అంది రత్నం. అది నిజమే.

దీపం వచ్చిన రోజు పైడితల్లమ్మని పక్కింటి వరండాలో కూర్చోబెట్టారు. వినడానికి ఇంటివాళ్ళలో ఒక్కరినే ఉంచుతారు.

"నువ్వుంటావా అత్తా? నీ కొడుకు. నీదే హక్కు," అంది రత్నం.

పైడితల్లమ్మ తల అడ్డంగా ఊపింది. "నువ్వే ఇను," అని, పక్కింటామె ఇచ్చిన చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

తలుపు ముందు ప్లాస్టిక్కు గుడారం వేశారు. గుడారంలో కస్తూరి, రత్నం ఇద్దరే. టేపు కోసి, తలుపు కొద్దిగా తెరిచి, దీపాన్ని పట్టాలమీద లోపలికి తోశారు. చీకట్లో గోడ ఊదాగా మెరిసింది. ఇద్దరూ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు.

మొదట గరగరమంది. ఆ తర్వాత మాట వచ్చింది. ఆడగొంతు.

"...ఈయేల సందువా సేపలు దొరకలేదురా. కానాగంతలట్టుకొచ్చాను. నీ పెళ్ళామేమో ముట్టలేదు..."

కస్తూరి ఆమె వైపు తిరిగింది. "ఎవరిది?"

"మా అత్తది."

కస్తూరి ఒక్క క్షణం ఆలోచించి, తన హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. "ఇది మీ ఇంటి మాట. నేను వినకూడదు. తెరమీద గీతలు చూస్తుంటాను, చాలు."

దీపం పొర తర్వాత పొర లోపలికి వెళ్ళింది. నిన్నటి నుంచి మొన్నటికి, చలికాలం నుంచి వానాకాలానికి. మాటలు తెగుతూ, అతుక్కుంటూ, వెనక్కి నడుస్తూ వచ్చాయి. ఇంట్లో పొద్దస్తమానం నోరు విప్పని మనిషి గోడతో ఇంత మాట్లాడిందా అనుకుంటూ రత్నం విన్నది.

"...డాబా కారతందిరా. మేస్త్రీని పిలిస్తే రేపంటాడు. నువ్వుంటే నువ్వే ఎక్కీవోడివి..."

"...దానికి పుట్టినరోజొచ్చింది. నాకు గేపకముంది. సెప్పలేకపోనాను. పరవన్నం వొండి అక్కడెట్టాను. తిన్నాది..."

"...నీ పెళ్ళాం ఏడవదురా. డూటీకెల్తాది, వస్తాది, కంచం ముందు కూకుంటాది. రాయిలాగైపోనాది. దానికేటైనా ఐతే నాకెవులున్నార్రా? రాత్రిల్లు లేచి, ఊపిరాడతందా లేదాని ముక్కుకాడ సెయ్యెట్టి సూస్తన్నాను..."

రత్నం చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఎవరి చేతులో అన్నట్టు వాటిని చూసింది. నిద్రలో ముక్కు దగ్గర ఏదో వెచ్చగా తగిలినట్టు అప్పుడప్పుడు అనిపించేది. కల అనుకుంది.

దీపం ఇంకా లోపలికి వెళ్ళింది. గొంతు వెలిసిపోతోంది. గాలి ఒక పక్క కొత్త పొర వేస్తూనే అడుగు పొరని అరగదీసింది. పైడితల్లమ్మ మాటల్లో అన్నిటికంటే పాతది, కన్నం తెరిచిన రోజు మొట్టమొదట పలికింది, ఆఖర్న వచ్చింది.

"...నాయినా. ఇనబడతందా? నువ్వు పిలిసినావు. నానిన్నాను. పాలు పొంగొచ్చినాయి, వస్తన్నానురా అన్నాను. మల్లీ పిలిసినావు. ఉండరా, వస్తన్నానన్నాను. గిన్ని దించాను. పొయ్యి గట్టు తుడిసాను. తుడిసీసి వొచ్చాను. గట్టెందుకు తుడిసానురా నాను..."

దాని కింద ఇంకేమీ లేదు. సన్నగా, ఎవరో నోటితో ఊదుతున్నట్టు గాలి చప్పుడు. జోగినాయుడు ఏమని పిలిచాడో, ఎలా పిలిచాడో, ఆ గాలిలో కలిసిపోయింది. దీపం గోడ చివరిదాకా వెళ్ళి ఆగింది. గోడ మామూలు గోడ అయింది.

రత్నం హెడ్‌ఫోన్లు తీసింది.

"ఆయన మాట ఏమైనా..." అంది కస్తూరి.

"లేదండి. అంతా మా అత్తే."

కస్తూరి కుర్చీలో వెనక్కి వాలింది. నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు అంది. "బతికున్నవాళ్ళ మాట సందులోంచి వెళ్ళి గోడమీద పడుతుందన్నమాట. ఒకే ఇంటి గొంతులు ఒకేలా ఉంటాయి కూడా. మనం పెన్నుతో పట్టుకోలేనంత సన్నటి సందులు ఎన్ని ఉన్నాయో. ఇప్పటిదాకా వినిపించిన గదుల్లో జనం ఎవరి మాట విన్నారో రత్నం? ఒక తండ్రి కొడుకు మాటేనని ఏడ్చాడు, అది ఆయన సొంత మాటేనేమో."

కస్తూరి దీపాన్ని బయటికి లాగి, దానికి గుడ్డ కప్పింది. "రేపట్నించి ఏ ఇంటికీ వెళ్ళొద్దు. వరస ఆపేస్తున్నాను," అంది. వెళ్తూ వెళ్తూ రత్నం భుజంమీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

పక్కింటి వరండాలో పైడితల్లమ్మ ఇంకా చిక్కుడుకాయల ముందే కూర్చుని ఉంది. కాయలు అయిపోయి చాలాసేపైనట్టుంది. తీసిన ఈనెలనే మళ్ళీ ముక్కలుగా తుంచుతోంది. రత్నాన్ని చూసి లేవలేదు.

"ఏటన్నాడు?"

రత్నం మెట్టుమీద కూర్చుంది. "ఆయన మాట లేదత్తా. గాలికి పోయింది."

"మరింతసేపు ఏటిన్నావు?"

"నీ మాటే విన్నాను. అంతా నీదే ఉంది."

పైడితల్లమ్మ చేతిలో ఈనె ఆగిపోయింది. "అంతానా?"

"అడుగుదాకా."

వీధిలో గ్యాసుబండి వాడు సిలిండర్ల మీద కొట్టుకుంటూ పోయాడు. ఆ చప్పుడు సందు మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఆగారు.

"కన్నం నానే తీసాను," అంది పైడితల్లమ్మ.

"తెలుసు. మొన్నే చూశాను."

"సూసి అడగలేదేటే?"

"అడగాలనిపించలేదు."

"గాలాడితే పోద్దని నువ్వు సెప్పినావు. నాకు గేపకముంది. అయినా తీసాను. ఆడేటంటాడో ఇనడం కన్నా, నాను సెప్పాల్సింది ఆడికి సెప్పీడం మేలనిపించింది. లోపలున్నాడనే అనిపించీది నాకు." ఆవిడ పళ్ళెం కింద పెట్టింది. "ఆడి మాట నీక్కూడా లేకండా సేసీసాను. తిట్టు. తిట్టవేటి?"

రత్నం తిట్టడానికి మాటలు వెతుక్కుంది. తన లోపల ఎక్కడా అవి దొరకలేదు. ఒక కన్నం దగ్గర నిలబడి, డబ్బాలు జరిపి, రోజూ ఈవిడ ఇలా మాట్లాడుతుంటే తను ముందుగదిలో చాపమీద ఉంది.

"పాలు పొంగుతుంటే ఎవరైనా పొయ్యి కట్టే వస్తారత్తా," అంది.

"గట్టు తుడిసానే."

"తుడుస్తారు. నేనైనా తుడుస్తాను."

పైడితల్లమ్మ నోరు కొంగుతో మూసుకుంది. ఆవిడ భుజాలు కదిలాయి, చప్పుడు మాత్రం రాలేదు. రత్నం ఆవిడ పక్కన కూర్చుని ఉండిపోయింది. వీపుమీద చెయ్యి వేయాలని తోచింది. కొంచెం ఆలస్యంగానైనా వేసింది.

చాలాసేపటికి ఆవిడ ముఖం తుడుచుకుంది. "నీ గురించి ఏటేటో వాగినట్టున్నాను. ఇన్నావా?"

"విన్నాను. ఏడవనన్నావు."

"ఏడవలేదు గదే మరి."

"లేదు."

"ఎప్పుడేడుస్తావు?"

"తెలీదత్తా."

పైడితల్లమ్మ ఆమె ముఖంలోకి చూసి, "సరే," అంది. మోకాళ్ళమీద చేతులు ఆనించి లేచింది. "అది వొచ్చినప్పుడొస్తాది. లే. ఆ తలుపు పూర్తిగా తీసీదాం. నడుం నేలమీద పడి పడి ఇరిగిపోతంది నాకు."

ఇద్దరూ తలుపు దగ్గర చెరో పక్క కూర్చుని టేపు ఒలిచారు. సీలెంటు ఎండి రాయిలా అయింది. ఒకరు కత్తితో, ఒకరు స్క్రూడ్రైవరుతో గీకారు. గోళ్ళనిండా తెల్లటి జిగురు చేరింది. గదిలోంచి మగ్గిన వేడిగాలి వాళ్ళ ముఖాలకి కొట్టి, ఇంట్లోకి వచ్చి, వీధి గుమ్మం గుండా బయటికి పోయింది. రత్నం దాన్ని ఆపడానికి ఏమీ చేయలేదు.

మంచంమీద దుప్పటి ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంది. పైడితల్లమ్మ దిండు తీసి కిటికీ అవతల దులిపి, దుప్పటి మార్చింది. రత్నం కిటికీ రెక్కలు బలంగా తోసి తెరిచింది. ఫ్యాను స్విచ్ వేస్తే అది మొదట మూలిగి, రెక్కలమీది దుమ్మంతా వాళ్ళ నెత్తిన పోసి, ఆ తర్వాత తిరిగింది.

"అటు జరుగు," అంది పైడితల్లమ్మ.

మిట్టమధ్యాహ్నం పూట ఇద్దరూ ఆ మంచంమీద పక్కపక్కనే పడుకున్నారు. వంట చేయలేదు, ఎవరూ ఆకలని అనలేదు. కిటికీలోంచి వచ్చిన గాలి మూల ఉన్న క్యాలెండరు కాగితాల్ని టపటపలాడించింది. పైడితల్లమ్మ చెయ్యి చాపి, కోడలి మోచేతి మీద ఉంచింది. రత్నం కళ్ళు మూసుకుని, ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. నిద్ర వచ్చింది.